తుప్పుకోట ఏ అరలోది?

ఫిబ్రవరి 6, శుక్రవారం

వచ్చింది! అమ్మాయి బ్యాండు రికార్డు వచ్చేసింది! అన్నం పళ్ళెమంత నల్లటి రికార్డు, దానికో అట్ట సంచి. అట్ట మీద కోట, కోట మీద తుప్పు రంగు మబ్బు, కింద కత్తి పట్టుకుని ఇనుపరాణి. పైన బ్యాండు పేరు మాత్రం నాకు అంతుపట్టలేదు, ముళ్ళకంప కుప్ప పోసినట్టుంది. “తుప్పుకోట అని రాసుంది నాన్నా” అంది అమ్మాయి. చదవడానికి రాకుండా రాయడమే ఈ మెటల్ సంగీతంలో గొప్పట. ఉంటుంది, ఎందుకుండదు!

తుప్పుకోట నా కథే కదా. ఇనుప సామాన్ల కొట్టులో నేను మేకులూ మరలూ సొరుగుల్లో సర్దుతుంటే, బడి వదలగానే అమ్మాయి వచ్చి గోనెసంచుల మీద కూర్చునేది. దాన్ని కుదురుగా కూర్చోబెట్టడానికి చెప్పేవాణ్ణి. తేమ రాక్షసి కోట మీదికి వస్తుంది, ముట్టుకున్న ఇనుమల్లా తినేస్తుంది, ఇనుపరాణి ఒళ్ళంతా నూనె రాసుకుని ఎదురు నిలుస్తుంది. రాక్షసి గొంతు నేనే చేసేవాణ్ణి, కడుపులోంచి. యజమానిగారు గల్లాపెట్టె దగ్గర్నుంచి “ఏమయ్యా, మోటారు చెడిందా?” అనేవారు. ఇప్పుడా గొంతు నా కూతురిది. నాకంటే పదింతలు లోతు. మొదటిసారి విన్ననాడు బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికాయి. నాకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

పక్కింటి రిటైర్డ్ టికెట్ కలెక్టర్‌ని పిలిచాను. “అమ్మలూ, ఒక్కసారి రాక్షసి గొంతు వినిపించు” అన్నాను. వినిపించింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన భార్య వచ్చాక మళ్ళీ ఒకసారి. పాలవాడు వచ్చినప్పుడు ఇంకోసారి.

“దాని గొంతేమన్నా గుమ్మానికి కట్టిన గంటనుకున్నారా, వచ్చినవాడి కోసమల్లా కొట్టడానికి?” అంది మా ఆవిడ.

ఆవిడకి మొదట్నుంచీ కళ మీద అభిమానం తక్కువ.

ఫిబ్రవరి 9, సోమవారం

రికార్డుల కొట్టుకి వెళ్ళాం. మెట్లు దిగి కిందికి వెళ్ళాలి. కిటికీ లేదు. గోడలకి చెక్క అరలు, అరల్లో నిలువుగా రికార్డులు, ప్రతి బ్యాండుకీ ముందు పోస్టుకార్డంత అట్టముక్క. దాని మీద అది ఏ రకం సంగీతమో రాసి ఉంటుంది. కొట్టు నడిపే ఆయనకి ఎడమ చెవికి ఐదారు పోగులున్నాయి. నేను చెవిపోగు అని పేరు పెట్టేశాను, మనసులోనే.

ఆ కొట్టుకో పద్ధతి ఉంది. ఏ రకమో కొట్టువాడు రాయడు. బ్యాండువాళ్ళే వచ్చి తమ చేత్తో రాసి పెట్టాలి. “రేపు గొడవొస్తే నా నెత్తిన రుద్దకూడదు కదా” అన్నాడు చెవిపోగు. అట్ట ఒక్క రికార్డుది కాదు, బ్యాండుదట. ప్రదర్శనలకి పిలిచేవాళ్ళు ఈ అరల ముందు నిలబడి అట్టలు చూసే పిలుస్తారట.

అక్కడ మొదలైంది రగడ! తోలుకోటు వేసుకున్న కొనుగోలుదారుడొకడు “కోటలూ రాక్షసులూ ఉన్నాయి, పవర్ మెటల్‌లో పెట్టండి” అన్నాడు. మా బ్యాండు డ్రమ్ములవాడు, వాణ్ణి గడ్డం అంటాను, పొట్ట దాకా ఉంటుంది, వాడు “నా డ్రమ్ముల వేగం చూసి మాట్లాడు, బ్లాక్ మెటల్” అన్నాడు. మా అమ్మాయి ఇద్దర్నీ పక్కకి జరిపి, పెన్ను తీసి, గుండ్రటి అక్షరాలతో “ఎపిక్ డెత్ మెటల్” అని రాసి నిలబెట్టింది.

డెత్! ఆడపిల్ల పేరు చావు కింద పెట్టడమేమిటి?

“చావు కాదు తాతగారూ” అన్నాడు చెవిపోగు. “గొంతు కడుపులోంచి వస్తే డెత్. చలికి కీచుమన్నట్టు వస్తే బ్లాక్. తేటగా పైకెగిరి పాడితే పవర్. అసలు గొంతే లేకపోతే అదిగో, ఆ మూల వాద్యం.”

“మరి కత్తులూ కోటలూ?”

“అవి అన్ని అరల్లోనూ ఉన్నాయి. కత్తుల్ని బట్టి పెడితే కొట్టంతా ఒకటే అర. గొంతుని బట్టే అర.”

అది నాకు ఒప్పింది. మేమూ మరల్ని తళతళ చూసి సొరుగులో వెయ్యం, మెలిక చూసి వేస్తాం. అయినా తాతగారేమిటి? నాకింకా మనవలు లేరు.

ఫిబ్రవరి 10, మంగళవారం

కొట్టుకి మళ్ళీ వెళ్ళాను. మన రికార్డులు కాస్త సర్ది వచ్చాను. అంతే.

ఫిబ్రవరి 12, గురువారం

ఎవరో మన రికార్డులు కదిలించారు! మొన్న నేను గుమ్మం దగ్గర వెలుతురున్న అరలో చూశాను, పవర్ మెటల్ అని రంగురంగుల బొమ్మలున్న అర, ఎంత ముచ్చటగా ఉన్నాయో. ఇవాళ చూస్తే మళ్ళీ లోపల చీకట్లో, డెత్‌లో. ఎవరికి కన్ను కుట్టింది?

చెవిపోగు కూడా కోపంగా ఉన్నాడు. “ఎవడో అరలు మారుస్తున్నాడు తాతగారూ. దొరికితే చెవులు మెలేస్తా.”

“మెలేయాల్సిందే” అన్నాను. “నేనూ ఓ కన్నేసి ఉంచుతాను.”

గడ్డం అక్కడే ఉన్నాడు. నా వంక చూసి మీసం కింద నవ్వుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

సెలూన్‌కి వెళ్ళాను. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. రికార్డు అట్ట అందరికీ చూపించాను. నమ్మరే! ఆడపిల్ల గొంతేమిటి, అలా ఉండటమేమిటి అంటారే! అమ్మాయికి ఫోను చేసి స్పీకర్ పెట్టాను.

“నాన్నా, ఇవాళ వద్దు” అంది.

“ఒక్కటే అమ్మలూ! అందరూ కూర్చుని ఉన్నారు, ఒకాయన సగం గడ్డంతో ఆగిపోయాడు!”

గొంతు సవరించుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత వచ్చింది. అద్దాలు అదిరాయి! సెలూన్ అతను కత్తెర కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. చివర కాస్త దగ్గు వచ్చినట్టుంది. ఫోను సరిగ్గా లేదు, మార్చాలి.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆవిడ పప్పు గరిటెతో గిన్నె అంచు మీద ఒకటి కొట్టింది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

శుభవార్త మీద శుభవార్త! అమ్మాయి ఆఫీసులో ఫోన్ల గది నుంచి టైపు గదికి మార్చారట. ఇన్నేళ్ళూ రోజంతా ఎవరెవరికో జవాబులు చెప్పీ చెప్పీ అలిసిపోయేది. ఇక హాయిగా కూర్చుని టైపు చేస్తుంది. ప్రమోషనేనా అంటే తల ఊపింది. ఊపిందనే అనుకుంటున్నాను. ప్రమోషనే.

ఈమధ్య మాట తగ్గించింది. పెద్ద కళాకారులు అంతే, మాటలు పొదుపు చేస్తారు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఒక ఆవిడ వచ్చింది. నడివయసు, చేతిలో గుడ్డసంచి. నాకు నమస్కారం పెట్టి నేరుగా అమ్మాయి గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకున్నారు. లోపల్నుంచి పాట లేదు, మాట లేదు. గుడగుడమని ఏదో చప్పుడు, అన్నం కుండ ఉడికినట్టు.

“ఎవరావిడ?” అన్నాను.

“స్నేహితురాలు” అంది మా ఆవిడ, నా మొహం చూడకుండా, శనగలు ఏరుతూ.

“స్నేహితురాలైతే మనకి చెప్పకుండా తలుపెందుకు వేసుకోవడం?”

“మీకు చెబితే టికెట్ కలెక్టర్‌కి చెప్పినట్టు. ఆయనకి చెబితే రైలుకి చెప్పినట్టు.”

ఏదో ఉంది. ఆ సంచిలో ఏదో ఉంది.

ఫిబ్రవరి 24, మంగళవారం

మళ్ళీ సంచి ఆవిడ. మళ్ళీ గుడగుడ.

ఫిబ్రవరి 26, గురువారం

చెప్పులు కూడా విప్పకుండా రాస్తున్నాను.

ఇవాళ కొట్టులో మన రికార్డులు డెత్‌లో లేవు. పవర్‌లోనూ లేవు. నేను ముట్టుకోలేదు, ఒట్టు. వెతికి వెతికి మూలనున్న అరలో చూశాను. కొత్త అట్ట. “ఎపిక్ వాద్యం.” రాత అమ్మాయిది కాదు. కోసుగా నిలబెట్టిన అక్షరాలు, మేకులు దిగ్గొట్టినట్టు. అది గడ్డం రాత. వాడి డ్రమ్ము మీద చూశాను.

“ఇదేమిటయ్యా?” అని చెవిపోగుని నిలదీశాను. “మా అమ్మాయి పాడితే వాద్యమెలా అవుతుంది?”

“బ్యాండువాళ్ళే వచ్చి మార్చుకున్నారు తాతగారూ. ఇకమీదట చేయబోయేదానికి అదే అర అన్నారు. నేనెలా కాదంటాను?”

“గొంతుని బట్టే అర అన్నావుగా?”

“అన్నాను.”

“మరి గొంతేదీ?”

వాడు చెవిపోగులు సవరించుకుని, లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. వాడికీ తెలుసు!

నేను మెట్లెక్కి పైకొచ్చి, ఎండలో నిలబడి ఆలోచించాను. అర మారిందంటే గొంతు మారింది. గొంతు మారిందంటే గొంతుగల మనిషిని తీసేస్తున్నారు. కోట నాది, రాక్షసి నాది, గొంతు నా కూతురిది, దాన్ని గెంటేసి వీళ్ళు కోటలో కూర్చుంటారట! సంచి ఆవిడెవరో ఇప్పుడర్థమైంది. ఏవో కాగితాలు తెచ్చి, పిల్లని మాట్లాడనివ్వకుండా సంతకాలు చేయిస్తోంది. అది ఎప్పుడూ అంతే, నోరు తెరిచి కాదనలేదు.

నేనున్నాను కదా.

మార్చి 1, ఆదివారం

వాళ్ళు సాధన చేసే చోటుకి వెళ్ళాను. టైర్ల కొట్టు పక్కన ఇనుప షట్టర్ వేసిన గది. షట్టర్ సగమే దింపి ఉంది. టైరుకి గాలి కొట్టించుకునేవాడిలా సైకిలు పట్టుకుని నిలబడ్డాను. టైర్లవాడు “సైకిలుకి గాలి బానే ఉందిగా పెద్దాయనా” అన్నాడు. “మళ్ళీ చూడు” అన్నాను.

లోపల డ్రమ్ములు ఉరుముతున్నాయి, గిటార్లు రంపాల్లా కోస్తున్నాయి. తేమ రాక్షసి కోటలోకి అడుగుపెట్టే పాట అది. అడుగుల చప్పుడు వచ్చింది, తలుపు విరిగే చప్పుడు వచ్చింది. రాక్షసి నోరు తెరవాల్సిన చోట ఏమీ లేదు. గిటారు ఒక్కటే ఆగి ఆగి మోగింది. వంగి చూశాను. అమ్మాయి మూల స్టూలు మీద కూర్చుని ఉంది, నోరు మూసుకుని, పెన్సిలు పట్టుకుని. పాట అయ్యాక గడ్డం లేచి వెళ్ళి దాని తల మీద చెయ్యి పెట్టాడు. అది కళ్ళు తుడుచుకుంది.

ఆ గదిలో దుమ్ము ఎక్కువ.

తీసేసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వాయిస్తారా! ఎంత పొగరు!

టైర్లవాడు గాలి ఎక్కువ కొట్టేశాడు. ఇంటికొచ్చేసరికి ట్యూబు పేలింది.

మార్చి 3, మంగళవారం

గుడగుడ ఏమిటో తెలిసింది. తలుపు సందులోంచి చూశాను. అమ్మాయి సగం నీళ్ళున్న గ్లాసులో స్ట్రా పెట్టి బుడగలు ఊదుతోంది. సంచి ఆవిడ ఎదురుగా కూర్చుని చేత్తో తాళం వేస్తోంది. ముప్ఫై దాటిన పిల్ల! ఇదేం దీక్ష? ఇదేం శిక్ష? బ్యాండులోంచి పోయేవాళ్ళకి వీళ్ళు ఏదైనా తంతు చేయిస్తారా? ఈ సంగీతంవాళ్ళలో ఎముకల బొమ్మలూ రక్తపు బొమ్మలూ చాలా ఉంటాయి, నేను అట్టల మీద చూశాను.

“అమ్మలూ, ఎవరన్నా ఏమన్నా అంటే నాతో చెప్పు” అన్నాను భోజనాల దగ్గర.

అది నన్ను చూసి నవ్వింది. నా కంచంలో ఇంకో ముద్ద నెయ్యి వేసింది. మాట మాత్రం లేదు.

“ఏమండీ, మీరు చల్లగా తిని పడుకోండి” అంది మా ఆవిడ. “పోలీసు పని మానేసి.”

ఇంట్లోవాళ్ళు కూడా అటువైపే ఉన్నారు. నేనొక్కణ్ణే మిగిలాను.

మార్చి 5, గురువారం

ఆదివారం రికార్డుల కొట్టులో, మన రికార్డు వచ్చి నెలైనందుకు సభ. చెవిపోగు కూల్‌డ్రింకులు ఇస్తాడట. నేనూ మనుషుల్ని పిలిచాను. పాత యజమానిగారు, కర్ర పట్టుకునైనా వస్తానన్నారు. టికెట్ కలెక్టర్ దంపతులు. సెలూన్ అతను. పాలవాడు.

అందరి ముందూ అమ్మాయి చేత రాక్షసి గొంతు చేయిస్తాను. విన్న తర్వాత ఎవడు వాద్యమంటాడో చూస్తాను! నూరుమంది విన్న గొంతుని గడ్డం ఎక్కడ దాస్తాడు?

ఆనందంతో కడుపు నిండిపోయి మజ్జిగ కూడా తాగలేదు.

మార్చి 8, ఆదివారం

వరసగా రాయాలి. లేకపోతే రేపు నేనే వేరేలా గుర్తు పెట్టుకుంటాను.

కొట్టు కిక్కిరిసింది. మెట్ల మీద కూడా జనం. యజమానిగారిని గల్లా దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. రికార్డు మోగుతోంది, ఆయన చెవిలో మిషను తీసి జేబులో వేసుకుని “ఇప్పుడు బాగుంది” అన్నారు. అందరూ నవ్వారు. అమ్మాయి నల్ల చొక్కా వేసుకుంది. వచ్చినవాళ్ళందరికీ చేతులు జోడిస్తోంది, తల ఊపుతోంది. ఎంత కళగా ఉందో!

పాట ఆగగానే నేను స్టూలెక్కాను.

“అందరూ వినండి! ఈ కోట నేను కట్టాను, మాటలతో. దీనికి ప్రాణం పోసింది మా అమ్మాయి. ఈ కొట్టులో గొంతుని బట్టి అర అంటారు. మరి మా అమ్మాయిని తెచ్చి గొంతు లేని అరలో పెట్టారు. ఎవరు పెట్టారో వాళ్ళకి తెలుసు!” గడ్డం వైపు చూశాను. “ఆ గొంతు ఎవరిదో, ఎలా ఉంటుందో ఇవాళ మీరే వినండి. అమ్మలూ, ఒక్కసారి!”

“ఏమండీ!” అని మా ఆవిడ అరిచింది జనంలోంచి.

అమ్మాయి నన్ను చూసింది. అంతసేపు ఎప్పుడూ చూడలేదు. తర్వాత చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. కళ్ళు మూసుకుని గాలి లోపలికి తీసుకుంది.

నేను అందర్నీ చూస్తూ చెయ్యి పైకెత్తాను, ఇదిగో, ఇప్పుడు అని.

గడ్డం గల్లా బల్ల మీదికి గెంతి గావుకేక పెట్టాడు. రాక్షసి గొంతు చేశాడట! చలిలో పాత లారీ స్టార్టు కానట్టుంది. జలుబు చేసిన మేకలా ఉంది. ఒక్కసారి కాదు, ఆపకుండా అరుస్తూనే ఉన్నాడు. కొట్టంతా పడీపడీ నవ్వింది. సెలూన్ అతను కూల్‌డ్రింకు ముక్కులోంచి వదిలాడు. అమ్మాయి పీల్చిన గాలి మెల్లగా వదిలేసింది.

నేను స్టూలు దిగి వాడి చొక్కా పట్టుకున్నాను. “దొంగా! నా కూతురి గొంతు కాజేద్దామనుకున్నావా?”

వాడు అరవడం ఆపాడు. రొప్పుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అవును బాబాయ్” అన్నాడు. “కాజేశాను. నన్నే తిట్టండి.”

తిట్టాను. అందరి ముందూ. రాయలేని మాటలు కూడా అన్నాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. అమ్మాయి మెట్లెక్కి వెళ్ళిపోయింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, బజారులో తప్పిపోయిన పిల్లాణ్ణి లాక్కెళ్ళినట్టు ఇంటికి తీసుకొచ్చింది.

అదే రోజు, ఇంటికొచ్చాక

మా ఆవిడ కుర్చీ నా ఎదురుగా లాక్కుని చెప్పింది.

గొంతులో కాయలు కాశాయట. పలుగు పట్టిన చేతికి కాసినట్టే, మాట వచ్చే తీగల మీద. డాక్టరు చూశాడట. కొన్నాళ్ళు ఒక్క మాట కూడా వద్దన్నాడట, గుసగుస కూడా. రాక్షసి గొంతు మాత్రం ఈ ఏడాదికి ఊసే ఎత్తకూడదట. తర్వాతైనా వస్తుందో రాదో చెప్పలేనన్నాడట. ఇప్పుడు మళ్ళీ ఒక్కసారి గట్టిగా చేసినా, మామూలు మాట కూడా పోవచ్చట. సంచి ఆవిడ గొంతుకి కసరత్తు చేయించే మనిషి. టైపు గదికి మార్చింది అందుకే.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబుదామనే రోజూ అనుకుంది. మీ మొహం చూసి ఆగిపోయేది. మన పెళ్ళినాడు కూడా మీరింత వెలిగిపోలేదు.”

“నాకు చెబితే నేను…”

“నేను చెబుతానన్నాను. వద్దు, నాన్నని ఇంకొన్నాళ్ళు ఇలా ఉండనీ అని కాగితం మీద రాసి చూపించింది.”

“మరి ఇవాళ గాలెందుకు పీల్చింది? కాదనొచ్చుగా?”

మా ఆవిడ కొంగుతో నా కళ్ళజోడు తుడిచి ఇచ్చింది.

ఈ పుస్తకం ముందు పేజీలు తిరగేశాను. పాలవాడు అని ఉంది. సెలూన్ అని ఉంది. మూసేశాను.

మార్చి 9, సోమవారం

పాలవాడు రాక్షసి గొంతు వినిపించమని అడిగాడు. లేదన్నాను.

మార్చి 11, బుధవారం

గడ్డం బేకరీలో పని చేస్తాడు. ఎంతసేపో ఎదురు పేవ్‌మెంటు మీద అటూ ఇటూ తిరిగాను. లోపలికి వెళ్తే మొహం మీద పిండి కొడతాడేమోనని అనుమానం. కొట్టినా న్యాయమే.

వాడు చేతులు మోచేతుల దాకా ముంచి పిండి పిసుకుతున్నాడు. తలకి వల, గడ్డానికి ఇంకో వల. నన్ను చూసి బిగుసుకుపోయాడు.

“బాబాయ్, బన్ను తింటారా? వేడిగా ఉంది.”

“నేను నీతో చాలా మాట్లాడాలయ్యా.”

“మొన్న చాలానే మాట్లాడారు” అన్నాడు. నవ్వాడు. మీసం కింద అదే నవ్వు. నేను దాన్ని ఇన్నాళ్ళూ ఏమనుకున్నానో!

బన్ను తిన్నాను. నీళ్ళు కూడా ఇచ్చాడు.

“అట్ట నువ్వెందుకు రాశావు?”

“తనే రాద్దామని వచ్చింది. పెన్ను పట్టుకుని ఎంతకీ రాయలేకపోయింది. నన్ను రాయమంది. వాద్యమని ఉంటే ప్రదర్శనలకి పిలిచేవాళ్ళు గొంతు అడగరు కదా.”

“ఇంకో పాటగత్తెని చూసుకుంటున్నారా? నిజం చెప్పు.”

“వచ్చి అడిగినవాళ్ళున్నారు. మేం చూడట్లేదు. పాటలో తన చోటు తనకే వదిలేస్తున్నాం. మొన్న టైర్ల కొట్టు దగ్గర విన్నారుగా.”

నా చెవులు కాలాయి. “నేనా?”

“సైకిలు ట్యూబు పేలిందట కదా. టైర్లవాడు చెప్పాడు.”

వాడు మళ్ళీ పిండి పిసకడం మొదలుపెట్టాడు.

“నీ రాక్షసి గొంతు ఘోరంగా ఉందిరా” అన్నాను.

“తెలుసు బాబాయ్. రెండ్రోజులు నాకే మింగుడు పడలేదు.”

వచ్చేటప్పుడు పొట్లం కట్టిచ్చాడు. డబ్బులు తీసుకోడే! వల మీదనుంచే వాడి గడ్డం నిమిరి వచ్చేశాను.

మార్చి 12, గురువారం

సంచి ఆవిడ వచ్చింది. ఈసారి నేనే తలుపు తీశాను. సంచిలో ఏముందని మొహమాటం లేకుండా అడిగేశాను. చూపించింది. స్ట్రాలు, ఒక చిన్న అద్దం, ఒక టవలు. ఇంతేనా! ఈ సంచి గురించా నేను ఇన్ని రోజులు నిద్ర మానుకున్నది!

“స్ట్రా సన్నగా ఉంది, ఊదలేకపోతోంది” అందావిడ. “కాస్త లావుగా, మెత్తగా ఉండే గొట్టం దొరికితే బాగుండేది.”

నేను చెప్పులు వేసుకుని బయల్దేరాను.

మార్చి 14, శనివారం

పాత కొట్టులో యజమానిగారి కొడుకు కూర్చుంటున్నాడు. గొట్టాల చుట్టలన్నీ దింపించాను. ఒకటి గట్టిది, ఒకటి వాసన, ఒకటి వంగితే విరిగేట్టుంది. చివరికి వేలు లావున మెత్తటి తెల్ల గొట్టం, నీళ్ళ ఫిల్టర్లకి వాడేది దొరికింది. రెండు ముక్కలు కోయించాను. అంచులు గీరుకోకుండా ఇంటి దగ్గర కూర్చుని గరుకు కాగితంతో రుద్దాను, వేడినీళ్ళలో ఉడకబెట్టాను.

“రెండెందుకు?” అంది మా ఆవిడ.

“ఒకటి నాకు.”

అమ్మాయి గదికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. గొట్టం చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూసింది, అంచు పెదవికి రుద్దుకుని చూసింది. నేను ఏమేమో చెప్పాలనుకుని వెళ్ళాను. అది బల్ల సొరుగులోంచి ఒక అట్టముక్క తీసింది. చెవిపోగు కొట్టులో పెట్టే అట్ట, ఖాళీది. ఫోనులో టైపు చేసి చూపించింది: “ఈసారి మీరు రాయండి నాన్నా. కోట మీరు కట్టిందే కదా.”

పెన్ను తీసుకున్నాను. డెత్ అని రాయాలంటే చెయ్యి ఆడలేదు. పవర్ అని రాయాలని ఎంత కోరికో, అది అబద్ధం. వాద్యం అని రాయను. గొంతుని బట్టి అర, ఆ గొంతు ఎలా వస్తుందో డాక్టరుకే తెలియదంటే నేనెవణ్ణి? అట్టని అలాగే జేబులో పెట్టుకున్నాను. చెవిపోగుకి ఫోను చేసి చెప్పాను. అట్ట రాసేదాకా మన రికార్డుల్ని గల్లాపెట్టె పక్కన పెడతానన్నాడు, ఏ అరా కానిచోట.

“అక్కడైతే ఎవరూ మార్చరు కదా తాతగారూ?” అన్నాడు. వాడికి మొదట్నుంచీ తెలుసేమో. అనుమానమే.

సాయంత్రం ఇద్దరం వీధి అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్నాం. చెరొక గ్లాసు నీళ్ళు, చెరొక గొట్టం. అది ఊదింది, సన్నగా, ఒక్క తీరుగా. నేను ఊదితే నీళ్ళు నా చొక్కా మీద పడ్డాయి. అది భుజాలు కదిలేలా నవ్వింది, చప్పుడు లేకుండా. మళ్ళీ ఊదాం. అది చేత్తో తాళం చూపించింది, నేను అందుకున్నాను. గుడగుడ గుడగుడ. కాసేపటికి రెండూ కలిశాయి.

టికెట్ కలెక్టర్ గోడ మీదనుంచి తల పెట్టాడు. చాలాసేపు విన్నాడు. నాకు భయం వేసింది, ఒక్కసారి రాక్షసి గొంతు అంటాడేమోనని. లేచి నిలబడటానికి సిద్ధంగా ఉన్నాను.

“ఇదేం రకం సంగీతమండీ?” అన్నాడు.

జేబు తడుముకున్నాను. అట్ట అక్కడే ఉంది.

“ఇంకా రాయలేదండీ” అని గొట్టం మళ్ళీ నోట్లో పెట్టుకున్నాను.